బయో

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో కనిపించే 'బయో'కు జీవశాస్త్రంతో ఏ చుట్టరికమూ లేదు. బీ, ఐ, ఓ అనే మూడు పొడి అక్షరాలివి. లైబ్రరీ పత్రాలు వీటిని 'బేసిక్ ఐఓ'గా విప్పి చెబుతాయి. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్‌ల ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై నుంచి 1998లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పుట్టినప్పుడు ఈ పేరూ వెంట వచ్చింది.

డేటా ఫైలు నుంచి వస్తోందా, సాకెట్ నుంచా, మెమరీ నుంచా అన్న పట్టింపు ప్రోగ్రాముకు లేకుండా చేయడమే బయో పని. ఎక్కడినుంచైనా చదవడానికి బయో_రీడ్, ఎక్కడికైనా రాయడానికి బయో_రైట్. ఫంక్షన్ పేర్లలోని ఎస్, ఎఫ్ అక్షరాలు అలంకారం కోసం కాదు. బయో_ఎస్_మెమ్‌లోని ఎస్, డేటా బయలుదేరే లేదా చేరే కొసకు గుర్తు. బయో_ఎఫ్_బేస్64లోని ఎఫ్, దారి మధ్యలో రూపం మార్చే ఫిల్టర్‌కు. బయో_పుష్‌తో వీటిని గొలుసుగా కలుపుతారు.

బేస్64 ఫిల్టర్ మూడేసి బైట్లను నాలుగేసి అక్షరాలుగా మారుస్తుంది. చివర ఒకటో రెండో బైట్లు మిగిలితే, ఇంకా డేటా వస్తుందేమోనని వాటిని పట్టుకుని కూర్చుంటుంది. బయో_ఫ్లష్‌ను పిలిస్తేనే సమాన గుర్తులు చేర్చి బయటికి వదులుతుంది. ఆ పిలుపు మరిస్తే ఫలితం తోక తెగినట్టే. కొత్తవారు చిక్కుకునేది సాధారణంగా ఇక్కడే.

2016లో వచ్చిన 1.1.0 నుంచి బయో లోపలి నిర్మాణం బయటి ప్రోగ్రాములకు కనిపించదు. పని ముగిశాక గొలుసు మొత్తాన్ని వదిలించుకోవడానికి బయో_ఫ్రీ చాలదు, బయో_ఫ్రీ_ఆల్ వాడాలి.