నెల్లూరు తీరపు దారిలో బాటసారి పలహారం

హోటలు గదిలో రాత్రి బస చేసినవారికి మరునాటి ఉదయం విడిగా డబ్బు అడగకుండా పెట్టే పలహారం ఈ మధ్యకాలపు వ్యాపార మర్యాదగా కనిపించినా, దారిన పోయేవారికి తిండి పెట్టడమూ, ఆ తిండి ఏపాటిదన్న తర్కమూ నెల్లూరు తీరానికి కొత్తవి కావు. మద్రాసు నుంచి ఉత్తరానికి సాగే బాట తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, నాయుడుపేట, గూడూరు, మనుబోలుల మీదుగా నెల్లూరు చేరి, పెన్న దాటి కోవూరు, కొడవలూరు, కావలి వైపు పోతుంది. ఇంగ్లీషు పాలనలో గ్రేట్ నార్తరన్ ట్రంక్ రోడ్డు అనిపించుకున్న ఆ బాటే నేటి 16వ నంబరు జాతీయ రహదారికి మూలం. కాశీకీ పూరీకీ పోయే దక్షిణాది యాత్రికులకూ, తిరుపతికీ రామేశ్వరానికీ దిగివచ్చే గోసాయిలకూ బైరాగులకూ, వర్తకులకూ, సిపాయిలకూ ఇదే దారి. కాళంగి, స్వర్ణముఖి, కండలేరు, పెన్న ఒకదాని వెంట ఒకటి అడ్డుపడే ఈ తీరంలో, వంతెనలు లేని రోజుల్లో వరద తీసేదాకా ఒడ్డున నిలవక తప్పేది కాదు కనుక, సత్రం పుణ్యం కోసం కట్టిందే అయినా ప్రయాణానికి అది లేకపోతే జరగని సాధనమై కూర్చుంది.

సత్రం అన్న మాట సంస్కృతంలోని సత్త్రం నుంచి వచ్చింది. పలువురు కలిసి పలు దినాలు చేసే యాగానికి మొదట ఆ పేరుండగా, క్రమంగా నిత్యం అన్నం పెట్టే ఇంటికి అది స్థిరపడింది. అందులోనూ భేదాలున్నాయి: వండి వడ్డించేది అన్నసత్రం, బియ్యమూ పప్పూ ఉప్పూ కొలిచి ఇచ్చి వండుకొమ్మనేది సదావర్తి, వేసవిలో నీళ్లూ మజ్జిగా పోసేది చలివేంద్రం. ఊరి చావడి అన్న మాటే ఇంగ్లీషువారి నోట చౌల్ట్రీగా మారి, తిరిగి సత్రానికి పర్యాయపదమై తెలుగువారి దగ్గరికే వచ్చింది. ఈ సంప్రదాయం ఎంతగా వేళ్లూనిందో చెప్పడానికి దొరవారిసత్రం అన్న ఊరి పేరు చాలు. ఎవరో దొరవారు నిలిపిన సత్రం చుట్టూ ఊరు పెరిగి, ఆ పేరే మండలానికీ రైల్వే స్టేషనుకూ దక్కి, 2022లో ఆ ప్రాంతం నెల్లూరు నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి మారినా చెక్కుచెదరలేదు.

సత్రానికి ప్రాణం ఇనాం, అంటే దాని ఖర్చుకోసం శిస్తు మినహాయించో తగ్గించో వదిలిన భూమి. మాన్యం పండితే పొయ్యి వెలుగుతుంది, ఎండితే ఆరుతుంది. మొలగొలుకుల వంటి సన్నబియ్యానికి పేరుపడ్డ సీమ కావడంతో అన్నం విషయంలో నెల్లూరు బాటసారి అదృష్టవంతుడే గాని, ఆ అదృష్టం అందరిదీ కాదు. చాలా సత్రాల్లో వండిన అన్నం బ్రాహ్మణులకే పెట్టేవారు, తక్కిన కులాలవారికి బియ్యం కొలిచి ఇచ్చేవారు, అంటరానివారని వెలిపెట్టినవారికి గడప లోపల చోటే ఉండేది కాదు. సత్రపు అన్నదానాన్ని కొనియాడే రచనలు ఈ సంగతిని పక్కకు నెట్టడం న్యాయం కాదు. ఉచితంగా దొరికే తిండి నాణ్యతను తూచవలసింది విస్తరిలో ఏమేమి వడ్డించారన్నదానితోనే కాదు, ఆ విస్తరి ఎవరి ముందు వేశారన్నదానితో కూడా.

మరొక విశేషం, సత్రం పెట్టేది పగటి భోజనమో రాత్రి భోజనమో తప్ప ఉదయపు పలహారం కాదు. ఎండ ముదరకముందే ఒక మజిలీ నడిచిపోవాలని బాటసారి కోడి కూసే వేళకే బయలుదేరేవాడు. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగో తరవాణో, అంటే పులియబెట్టిన అన్నపు నీరో, కలుపుకొని తిని, లేదా మూటగట్టుకొని, ఏ చెరువు గట్టునో విప్పుకొనేవాడు. చద్దిమూట అన్న మాటకు తెలుగులో ఉన్న గౌరవం అటువంటి ప్రయాణాల నుంచి వచ్చిందే.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరినప్పుడు, తిరుగుదారి ఈ తూర్పు తీరం మీదుగానే సాగింది. ఆయన కాశీయాత్ర చరిత్రలో దిగిన ఊళ్ల వర్ణన అంటే గుడులూ గోపురాలూ మాత్రమే కాదు. బసకు చోటు ఉన్నదీ లేనిదీ, నీళ్లు ఎటువంటివి, బజారులో ఏ సామాను దొరుకుతుంది అన్న వివరాలు అడుగడుగునా కనిపిస్తాయి. వెనుక వచ్చే యాత్రికుడు ఆకలితో పడుకోకూడదన్న శ్రద్ధ ఆ రాతలో ఉంది.

అప్పటికే సత్రాల మీద సర్కారు చెయ్యి పడింది. మద్రాసు ప్రభుత్వం చేసిన 1817 నాటి 7వ రెగ్యులేషన్ దేవాలయాలతోపాటు సత్రాల మాన్యాల ఆదాయం దాతల ఉద్దేశం ప్రకారమే ఖర్చవుతున్నదా అని చూసే బాధ్యతను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. తరువాత 1871 స్థానిక నిధుల చట్టమూ, 1884 స్థానిక బోర్డుల చట్టమూ వచ్చి, అనేక సత్రాలు బోర్డుల ఆస్తుల జాబితాలోకి చేరాయి. మాన్యం తినివేసే ధర్మకర్తలను అడ్డుకోవడానికి ఆ ఏర్పాటు అవసరమే. అయితే పంక్తి చివర నిలబడి చారు పలచబడిందని వంటవాణ్ణి మందలించే దాత వారసుడి స్థానంలో, ఏడాదికొకసారి లెక్క చూసే గుమాస్తా వచ్చాడు. పద్దులో బియ్యం ఖర్చు సరిపోయినంత మాత్రాన అన్నం బాగుందని కాదన్నది ఏ లెక్కల తనిఖీకీ అందని విషయం.

ఆ తేడా ఎంత దూరం పోగలదో 1876–78 కరువు చూపింది. కరువు పరిశీలకుడిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో సహాయపు పనుల్లోని కూలీకి రోజుకు పౌండు ధాన్యానికీ పైన కొద్దిపాటి చిల్లరకూ సరిపడే కూలి చాలునని తగ్గించగా, మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, మట్టి మోసే మనిషి ఆ తిండితో బతకడని గట్టిగా ఎదిరించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. నెల్లూరు తీరం పొడవునా ఉప్పూ కట్టెలూ మోసిన బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు నగరంలోని కూవం, అడయారు నదులను కలిపే భాగం ఆ కరువుకూలీలు తవ్విందే.

1899లో మద్రాసు–బెజవాడ రైలు మార్గం కలిసేసరికి నడకదారి మజిలీలు వెలవెలబోయాయి. వారం పట్టే దూరం పూటలో తేలిపోతున్నప్పుడు సత్రంలో దిగేవారు తగ్గారు. ఆ తరువాతి దశాబ్దాల్లో స్టేషను దగ్గరా బజారులోనూ కాఫీ హోటళ్లు వెలిసి, చద్దన్నం స్థానంలో ఇడ్లీ, పొంగలి, వడ, ఎర్రకారం పూసిన దోశ నిలిచాయి. బాటసారి ఉదయం పూట వేడిగా తినడం అప్పుడు అలవాటయింది, కాని డబ్బిచ్చి.

దానం పోయి, పలహారం మళ్లీ ఉచితమన్న పేరుతో వచ్చింది లాడ్జింగు హోటళ్ల ద్వారానే. హోటలు పరిభాషలో గది అద్దెలోనే ఉదయపు పలహారం చేర్చిన పద్ధతిని కాంటినెంటల్ ప్లాన్ అనీ, గది మాత్రమే ఇస్తే యూరోపియన్ ప్లాన్ అనీ అంటారు. 2017లో అమలైన జీఎస్‌టీ చట్టంలో సంయుక్త సరఫరా, అంటే వ్యాపారపు మామూలు నడకలో విడదీయకుండా కలిపి అమ్మే వస్తుసేవలు, అన్న భావనకు గదితో కూడిన పలహారాన్నే ఉదాహరణగా చూపుతారు. కాబట్టి ఇక్కడ ఉచితమన్నది మాటవరసకే. ధర చెల్లించినది అతిథే అయినా, అది ఎంతో అతనికి కనపడదు, కనుక ఎంత తగ్గిందో కూడా కనపడదు.

కరోనా ఈ ఏర్పాటును ఒక్కసారిగా నిలిపివేసింది. 2020 జూన్ 4న కేంద్ర ఆరోగ్యశాఖ హోటళ్లకు ఇచ్చిన మార్గదర్శకాలు గదికే తిండి పంపడాన్నీ పార్శిళ్లనూ ప్రోత్సహించి, బఫేలో, అంటే ఎవరికి వారు వడ్డించుకొనే బల్లల దగ్గర, ఎడం పాటించాలన్నాయి. అంతకు కొద్ది వారాల ముందే ఇదే 16వ నంబరు రహదారి మీద మద్రాసు వైపు నుంచి ఒడిశాకూ బిహారుకూ వలసకూలీలు మండుటెండలో నడిచిపోతుంటే, దారి పొడవునా వారికి తిండీ నీళ్లూ మరుగుదొడ్లూ ఏర్పాటు చేయవలసిందని 2020 మే 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. రెండు శతాబ్దాల కిందట మాన్యాలతో నడిచిన పనిని న్యాయస్థానం ఉత్తర్వుతో చేయించవలసి రావడం ఈ దారి చరిత్రలో మరువరాని ఘట్టం.

ఆంక్షలు తొలగాక బల్లలు తిరిగి వచ్చాయి, కాని పాత ఖర్చులు తిరిగి రాలేదు. 2022 ఆరంభంలో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ధర ఎగసినప్పుడు, వడా పూరీ వేయించే వంటగది మీదే ఆ బరువు పడింది. గది అద్దె అతిథి కళ్లముందు ఉంటుంది కనుక దాన్ని పెంచడం కష్టం, పలహారంలో ఒక రకం తగ్గించడం తేలిక. తగ్గేది కూడా ముందుగా మనిషి చెయ్యి కావలసిన వంటకమే. పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి రావలసిన కారం దోశకు ఒక మనిషి నిలబడాలి, ఆవిరి పెట్టెలో గంటలకొద్దీ ఉండే ఇడ్లీకి, విప్పి పెట్టే బ్రెడ్డుకు అక్కర లేదు. పచ్చడి రెండుసార్లు రుబ్బే హోటలుకూ ఒకేసారి రుబ్బి పదింటిదాకా నడిపే హోటలుకూ ఉన్న తేడా ఏ పట్టికలోనూ రాదు. దాన్ని పట్టించుకొనే యజమాని వంటగదిలోకి వచ్చే చోట పలహారం ఇప్పటికీ బాగుంటుందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

పులికాట్‌లో ఫ్లెమింగోలనూ నేలపట్టులో గూడకొంగలనూ చూడబోయేవారు, తిరుమల దర్శనపు వేళకు అందుకోవలసినవారు పలహారపు గది తెరవకముందే బయలుదేరతారు. అటువంటివారికి రాత్రే చెప్పి ఉంచితే తెల్లవారుజామున ఇడ్లీయో పెరుగన్నమో పొట్లం కట్టి చేతికిచ్చే హోటళ్లు ఉన్నాయి, ఆ పొట్లాన్ని దొరవారిసత్రం దాటాక ఏ చెట్టు నీడనో విప్పుకొంటారు.