అడుగుల లెక్క

నూజివీడు అనగానే నోట్లో చిన్నరసం మామిడి తీపి ఊరుతుంది. ఈ తోటల సీమకు సినిమా చుట్టరికమూ ఉంది.

ఇక్కడి మీర్జాపురం జమీందారు మేకా వెంకటరామయ్య అప్పారావు మద్రాసు చేరి శోభనాచల సినిమా సంస్థను నడిపారు. నూజివీడు పక్కనే ఆగిరిపల్లి కొండ పేరు కూడా శోభనాచలమే. 1949లో రాజావారే 'కీలుగుర్రం'కు దర్శకత్వం వహించారు. అదే ఏడు ఆయన భార్య, నటి సి.కృష్ణవేణి 'మనదేశం' తీసి ఎన్.టి.రామారావును తెరకు పరిచయం చేశారు.

'మనదేశం' దర్శకుడు ఎల్.వి.ప్రసాద్‌ది ఏలూరు దగ్గర సోమవరప్పాడు. ఆయన ఫిల్ము కాలేజీ మెట్లెక్కలేదు. బొంబాయి స్టూడియోల్లో చిన్నాచితకా పనులు చేస్తూ, వేషాలు వేస్తూ నేర్చుకున్నారు. తొలినాటి టాకీలు 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింటిలోనూ కనిపించారు.

అప్పటి సినిమా పాఠం ఫిల్ము అడుగుల్లో ఉండేది. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, టాకీకి సెకనుకు 24. అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో ఖాళీ! అందుకే రిహార్సల్ ముందు, కెమెరా తర్వాత.

ఫుట్ నుంచే ఫుటేజి పుట్టింది. మెమరీ కార్డు మీద తీసే నేటి విద్యార్థి కూడా దాన్ని ఫుటేజి అనే అంటాడు.