కైఫియత్తుల నుంచి ముంపు గ్రామాల దాకా: కడప సీమలో విశ్వవిద్యాలయ బాధ్యత

దత్తమండలం 1800లో కంపెనీ ఏలుబడిలోకి వచ్చిన తరువాత మెకంజీ సహాయకులు ఊరూరా తిరిగి కైఫియత్తులు సేకరించారు. ఆలయాలు, చెరువులు, మాన్యాలు, పాళెగాళ్ల వృత్తాంతాలు వాటిలో చేరాయి. కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో గ్రంథాలయం వెలసింది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయ నిర్వహణలో భాషా పరిశోధన కేంద్రమైంది. ఆ కేంద్రం జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించింది. దీనితో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల నుంచి సేకరించిన చరిత్ర మళ్లీ ఆ సీమవారికి చేరే వీలు కలిగింది. విశ్వవిద్యాలయ విస్తరణ సేవలో ఇది విలువైన పాయ.

అయితే కైఫియత్తులకు ప్రధానాధారం కరణాల కవిలెలు. కూలీల, నేతగాళ్ల, దళితుల నోటిమాట వాటిలో అరుదు. ఈ లోపం ఎంతటిదో గండికోట జలాశయం తెలియజేస్తుంది. 2020లో అక్కడ నీటి నిల్వ పెంచినపుడు తాళ్లప్రొద్దుటూరు ముంపునకు గురైంది. కవిలెకెక్కని ఆ ఊరి కథలను, కట్టుబాట్లను ఇక నిర్వాసితుల జ్ఞాపకాలలోనే వెతకాలి.

1969లో మొదలైన జాతీయ సేవా పథకం కింద విద్యార్థులు ఏడు రోజుల ప్రత్యేక శిబిరాలకు పల్లెలకు వెళుతున్నారు. వాటిలో ఒక్క రోజును వృద్ధుల మాటలు నమోదు చేయడానికి కేటాయించినా, కరణం వ్రాయని కైఫియత్తుకు శ్రీకారం చుట్టినట్లవుతుంది.