గరిటె పట్టిన చేతికీ నియమం ఉండాలి: అన్నదాన కేంద్రాల్లో పిల్లలకు, ఆసరా లేని పెద్దలకు రక్షణ

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఎవరి పిలుపు కోసమూ ఆగకుండా వాడల్లో, బస్తీల్లో పొయ్యిలు వెలిగాయి. యువజన సంఘాలు, మహిళా సంఘాలు, చర్చిలు, మసీదులు, గురుద్వారాలు వండి పెట్టాయి. ఏటా ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి సామూహిక భోజనాలు పెట్టడం చాలా పేటల్లో ఆనవాయితీ. కొన్నిచోట్ల ఈ పని రోజూ నడిచే అన్నదాన కేంద్రంగా స్థిరపడింది.

బియ్యం ఎవరిచ్చారు, గ్యాస్ బండకు డబ్బెవరిచ్చారు అనే లెక్క ప్రతి కేంద్రంలోనూ ఉంటుంది. అక్కడికి ఒంటరిగా వచ్చే పదేళ్ల పిల్లకు, కళ్లు సరిగా కనిపించని ముసలమ్మకు ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులు అనే లెక్క మాత్రం తక్కువచోట్ల ఉంటుంది. ఆకలితో వచ్చిన మనిషికీ వడ్డించే మనిషికీ మధ్య బలం సమానంగా ఉండదు. రేపు కూడా అన్నం కావాలి కాబట్టి ఈ రోజు జరిగిన అవమానాన్ని, వేధింపును మింగేస్తారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. అన్నదానంలో రక్షణ అంటే మంచివాళ్లను నమ్మడం కాదు. చెడ్డవాడికి అవకాశం దొరకకుండా పనిని అమర్చుకోవడం.

ఎవరి రక్షణ?

చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. పదహారేళ్ల కుర్రాడు వడ్డనకు వచ్చి వలంటీరుగా నిలబడినా అతనూ రక్షణ అవసరమైన బాలుడే.

పెద్దల విషయంలో ఒకే చట్టం, ఒకే నిర్వచనం లేవు. 60 ఏళ్లు దాటినవారికి 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. వికలాంగులకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఇవి కాక ఒంటరి మహిళలు, జోగినీలు, మానసిక అనారోగ్యం ఉన్నవారు, మద్యానికి బానిసైనవారు, ఇల్లు లేక ఫుట్‌పాత్ మీద పడుకునేవారు, భాష రాని వలస కూలీలు ఉంటారు. ఇతరుల మీద ఆధారపడటం వల్ల తమను తాము కాపాడుకోలేని స్థితిలో ఉన్నవారందరినీ కేంద్రం ఈ లెక్కలోకి తీసుకోవాలి.

ప్రమాదం ఏ రూపంలో వస్తుంది?

లైంగిక వేధింపు అన్నిటికన్నా తీవ్రమైనది, అన్నిటికన్నా ఎక్కువగా దాచేది. మిగిలిన బియ్యం ఇస్తానని గోదాములోకి పిలవడం, ఇంటి దగ్గర దించుతానని బండి ఎక్కించుకోవడం, ఒక పిల్లకు మాత్రమే రోజూ స్వీటు, నోటు పుస్తకాలు, ఫోన్ రీచార్జి అందడం దీనికి ముందు కనిపించే గుర్తులు.

రెండోది డబ్బు దోపిడీ. పింఛను తెచ్చిపెడతానని ముసలివాళ్ల దగ్గర బ్యాంకు కార్డు, పిన్ నంబరు తీసుకోవడం, రేషన్ కార్డు తమ దగ్గర పెట్టుకోవడం, ఎందుకో చెప్పకుండా వేలిముద్ర వేయించడం, ఆధార్ జిరాక్సులు పోగేయడం.

మూడోది అవమానం. ప్యాకెట్ చేతికిచ్చి ఫొటోకు నిలబెట్టడం, రెండోసారి అడిగితే కసరడం, అన్నం పెట్టే ముందు నినాదం పలికించడం, ప్రార్థన చేయించడం, ఫలానా పార్టీ మీటింగుకు రావాలనడం. పిల్లల చేత గిన్నెలు తోమించి, తర్వాత భోజనం పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది.

నాలుగోది తిండి వల్లే వచ్చే ప్రమాదం. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్టు పరీక్షల్లో తేలింది. నూనె తేడాగా ఉందని వంటమనిషి చెప్పినా పట్టించుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. వంట దగ్గర నిలబడిన పేద మహిళ మాటకు విలువ ఉండటం పిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయమని ఆ సంఘటన చెబుతోంది.

బంతిలో కులం

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20 నాటి ఆదేశంలో వంటవాళ్లుగా, సహాయకులుగా దళితులకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. అయినా 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక పాఠశాలలో దళిత మహిళ వండిన అన్నం తినడానికి అగ్రవర్ణ పిల్లలు నిరాకరించారు. ఆమెను పని నుంచి తొలగించారు. దేశమంతా గొడవయ్యాక మళ్లీ తీసుకున్నారు.

ప్రభుత్వ బడిలోనే ఇలా ఉంటే, పర్యవేక్షణ లేని దాతృత్వ కేంద్రాల్లో కులం ఉండదని అనుకోలేం. విడిగా కూర్చోబెట్టడం, చివరి బంతిలో పెట్టడం, పైనుంచి విసిరినట్టు వడ్డించడం, పేట పిల్లలకు మిగిలింది ఇవ్వడం పిల్లల మనసు మీద హింసే. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను ప్రకారం, సాధారణ ప్రజల కోసం ఏర్పడిన ధార్మిక ట్రస్టు నుంచి అందే ప్రయోజనాన్ని అంటరానితనం పేరుతో అడ్డుకోవడం నేరం. దానం పెట్టేవారి ఇష్టం అనే వాదన ఇక్కడ చెల్లదు.

చట్టం ఏం చెబుతోంది?

పిల్లల మీద లైంగిక నేరాలకు 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. అన్నదాన కేంద్రం నడిపేవారు అందులో మూడు విషయాలు తెలుసుకోవాలి.

ఒకటి, పిల్లలకు సేవలు అందించే సంస్థ యజమాని, నిర్వాహకుడు, సిబ్బందిలో ఎవరైనా అత్యాచారానికి పాల్పడితే చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. 2019 సవరణ తర్వాత దీనికి కనీస శిక్ష 20 ఏళ్ల కఠిన కారాగారం.

రెండు, నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా 19వ సెక్షను ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద మాత్రం కేసు ఉండదు.

మూడు, 2020 పోక్సో నిబంధనల ప్రకారం పిల్లలతో తరచూ సంబంధం ఉండే సంస్థలు తమ సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు విచారించుకోవాలి.

వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షను ప్రకారం, తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు తెలిసి తెలిసి తిండి, నీళ్లు నిరాకరిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. మహిళా వలంటీర్లకు 2013 నాటి పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తిస్తుంది. జీతం లేకుండా పనిచేసేవారూ దాని పరిధిలోకి వస్తారు. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

బాధితులు ఎస్సీ, ఎస్టీలై, నిందితుడు ఆ వర్గాలకు చెందకపోతే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కూడా పెట్టించాలి. 18ఎ సెక్షను ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కు 15ఎ సెక్షనులో ఉంది.

మనవాడే నిందితుడైతే?

ఈ ప్రశ్న దగ్గర చాలా సంఘాలు ఆగిపోతాయి. నిందితుడు, బాధితురాలు ఇద్దరూ ఎస్సీలైతే అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదు. పోక్సో మాత్రం తప్పక వర్తిస్తుంది. అయినా ఉద్యమం పరువు పోతుందని, ప్రత్యర్థులకు అవకాశం ఇచ్చినట్టవుతుందని, అన్న ఎన్నో కేసుల్లో మనకోసం నిలబడ్డాడని చెప్పి పంచాయితీ పెడతారు. పిల్ల తల్లికి ఎంతో కొంత ముట్టజెప్పి ఊరుకోమంటారు.

ఈ రాజీలకు విలువ లేదు. రాజస్థాన్‌లో ఒక దళిత బాలికను ఉపాధ్యాయుడు వేధించిన కేసులో, కుటుంబంతో రాజీ కుదిరిందన్న కారణంతో హైకోర్టు ఎఫ్ఐఆర్‌ను కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి విచారణ కొనసాగించాలని చెప్పింది. ఇలాంటి నేరాన్ని ఇద్దరి మధ్య సొంత వ్యవహారంగా చూడలేమని స్పష్టం చేసింది.

ఊరి పెద్దలు రాజీ పేరుతో మన గొంతు నొక్కిన అనుభవం మనకు తరతరాలుగా ఉంది. అదే పని మన పేటలో మన పిల్లకు మనమే చేస్తే తేడా ఏముంటుంది? నేరాన్ని దాచిన సంఘం పరువు ఎలాగూ నిలవదు. ఫిర్యాదు చేసిన సంఘాన్ని మాత్రం తల్లులు నమ్ముతారు.

కేంద్రం పెట్టుకోవాల్సిన నియమాలు

ఇవన్నీ పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవే.

1. రక్షణ బాధ్యులుగా ఇద్దరిని నియమించండి. ఒకరు తప్పనిసరిగా మహిళ కావాలి. ఇద్దరూ అధ్యక్షుడి బంధువులు కాకూడదు. వారి పేర్లు, ఫోన్ నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

2. కొత్త వలంటీరు వివరాలు రాసుకోండి. తెలిసిన ఇద్దరిని అడగండి. పోలీసు విచారణ పూర్తయ్యేదాకా పిల్లలతో ఒంటరిగా పని అప్పగించవద్దు. పెద్ద దాతలకూ ఇదే నియమం.

3. ఏ పెద్దవారూ పిల్లలతో ఒంటరిగా తలుపు మూసిన గదిలో ఉండకూడదు, బండి మీద తీసుకెళ్లకూడదు. ఇంటికి భోజనం అందించేటప్పుడు ఇద్దరు వెళ్లాలి.

4. స్టోరు గది తాళం ఒక్కరి చేతిలో ఉండకూడదు. అదనపు సరుకులు రిజిస్టరులో రాసి, అందరి ముందే ఇవ్వాలి.

5. అన్నానికి షరతు లేదు. కులం, మతం, పార్టీ అడగవద్దు. అందరికీ ఒకే బంతి, ఒకే వంట. ఫిర్యాదు చేసిన కుటుంబానికి భోజనం ఆపకూడదు.

6. ఎవరి బ్యాంకు కార్డు, పిన్, పింఛను డబ్బు వలంటీర్లు ముట్టుకోకూడదు. అవసరం లేని ఆధార్ జిరాక్సులు తీసుకోవద్దు.

7. తినేవారి ముఖాలు ఫొటో తీయవద్దు. దాతకు లెక్క చూపాలంటే గంగాళం, బియ్యం బస్తాలు, బిల్లులు చాలు.

8. పురుగుమందులు, ఫినాయిల్ వంటశాలలో ఉంచవద్దు. వడ్డనకు ముందు పెద్దలు ఇద్దరు రుచి చూడాలి. తేడా ఉందని వంటమనిషి అంటే వడ్డన ఆపాలి.

9. నిర్వాహకుడి మీదే ఆరోపణ వస్తే అతను ఆ రోజే పని నుంచి పక్కకు తప్పుకోవాలి. అతని గురించి కమిటీ తీర్పు చెప్పకూడదు, పోలీసులకు సమాచారం ఇవ్వాలి.

పిల్లలు నోరు విప్పినప్పుడు

వాళ్లు చెప్పేది ప్రశాంతంగా వినండి. "నువ్వెందుకు వెళ్లావు?" అని అడగవద్దు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వవద్దు. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు, నీకు సాయం చేయగలిగినవాళ్లకు చెబుతాను" అనండి. వాళ్ల మాటల్లోనే తేదీ, సమయంతో రాసిపెట్టండి. మళ్లీ మళ్లీ చెప్పించవద్దు. నిందితుడిని పిలిచి ఎదురుగా నిలబెట్టవద్దు. వీలైతే ఒంటి మీది బట్టలు ఉతకకుండా ఉంచండి. ఆలస్యం లేకుండా వైద్యానికి తీసుకెళ్లండి.

వాంగ్మూలం బిడ్డ ఇంట్లో గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. బిడ్డను రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. బాలిక వైద్య పరీక్షను మహిళా డాక్టరే చేయాలి, ఎఫ్ఐఆర్ కాలేదని పరీక్ష ఆపకూడదు. సమాచారం అందిన 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. బిడ్డ పేరు, ఫొటో, బడి, వీధి ఏదీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. న్యాయం కోసం పెట్టే పోస్టు అయినా అది నేరమే.

పెద్దల విషయంలో వారి ఇష్టం ముందు తెలుసుకోవాలి. కొడుకు కొడుతున్నాడని చెప్పిన ముసలమ్మకు కేసు వద్దనిపించవచ్చు. ఆమె ప్రాణానికి ముప్పు లేనంతవరకు ఏం చేయాలో ఆమెతో కలిసి నిర్ణయించాలి. పోషణ ఫిర్యాదులను ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్ వింటుంది.

గోడ మీద రాయాల్సిన నంబర్లు

పిల్లలకు 1098. అత్యవసరానికి 112. మహిళలకు 181. వృద్ధులకు 14567. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదుకు 14566.

వీటిని ఆఫీసు గదిలో కాకుండా పిల్లలు చేతులు కడుక్కునే చోట, వాళ్ల కళ్లకు అందే ఎత్తులో రాయండి. చదువు రానివారి కోసం వారానికోసారి బంతిలో చదివి వినిపించండి. కడుపు నింపుకోవడానికి వచ్చిన ఎవరూ భయం మూటగట్టుకుని తిరిగి వెళ్లకూడదు.