వలస – వసాహతు: ఒక మాట చరిత్ర

కుప్పంలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "సార్, ఇమిగ్రేషన్ అంటే కన్నడంలో ఏమంటారు?" అని అడిగాడు. ఆ అబ్బాయి తండ్రి బెంగళూరులో తాపీపని చేస్తాడు. "వలసె" అన్నాను. "మరి ఎమిగ్రేషన్?" అన్నాడు. అదీ "వలసె"నే అన్నాను. తరగతి నవ్వింది. రెండు భావాలకు ఒకటే మాట ఉన్న భాష పేదభాష అని ఆ నవ్వుకు అర్థం. మన తెలుగు పరిస్థితీ అంతే గనుక, ఆ నవ్వును గూర్చి కొంచెం ఆలోచించవలసి వచ్చింది.

ఆ ఇంగ్లీషు మాటలు రెండూ లాటిన్ పుట్టుక గలవి. తరలిపోవటం అనే ఒకే ధాతువుకు ఒకచోట 'బయటికి' అనీ, మరొకచోట 'లోపలికి' అనీ ఉపసర్గ చేరింది. ఆ మాటలు అనేవాడు సరిహద్దు గీత దగ్గర నిలబడి లెక్క రాసుకుంటున్నాడు. మనిషి ఎటు పోతున్నాడో అతనికి కావాలి. ఎందుకు పోతున్నాడో అక్కరలేదు.

'వలస' అట్టిది కాదు. తమిళంలో వలసై, కన్నడంలో వలసె, తెలుగులో వలస – మూడూ ఒకే కుదురు. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు ఈ మాటకు, శత్రుసైన్యానికి భయపడి జనం ఊళ్ళు విడిచిపోవటమని అర్థం చెప్పింది. అంటే కారణం మాటలోనే ఉంది. గీత దగ్గర నిలబడినవాడు కాదు, మూట నెత్తిన పెట్టుకున్నవాడు పుట్టించిన మాట ఇది.

మా ప్రాంతానికి ఆ అర్థం నిఘంటువులో మాత్రమే ఉన్నది కాదు. పుంగనూరుకు పడమట ఉన్న ముళబాగిలు దగ్గర 1768లో హైదరలీకీ ఇంగ్లీషువారికీ యుద్ధం జరిగింది. 1791లో కారన్‌వాలిసు సైన్యం పలమనేరు దాపున ఉన్న మొగిలి కనుమ ఎక్కి కోలారు మీదుగా బెంగళూరుకు నడిచింది. రాజుల చరిత్రలో ఇవి విజయాలూ, అపజయాలూ. దారిపక్క రైతుకు రెండూ ఒకటే: వలస.

తరువాత గీతలు పడ్డాయి. 1800లో నిజాం కడప సీమను కంపెనీకి ఇచ్చివేయగా మదనపల్లె వారి పాలనలోకి వచ్చింది. 1911లో కడప నుండి మదనపల్లెనూ, ఉత్తర ఆర్కాటు నుండి మరికొన్ని తాలూకాలనూ కలిపి చిత్తూరు జిల్లా చేశారు. పడమట మైసూరు సంస్థానం. కాని గీత భాషను కోయలేదు. అవతలి వైపున కైవారం నారాయణప్ప తెలుగులోనూ, కన్నడంలోనూ కీర్తనలు చెప్పాడు. ఇరువైపులా ఒకే బతుకు ఉన్నచోట ఒకే మాట ఉండటం పేదరికమెట్లా అవుతుంది?

సైన్యాలు వెళ్ళిపోయినా వలస ఆగలేదు. 1876–78 కరువు మద్రాసు రాజధానినీ, మైసూరునూ ఒక్కటిగా కాల్చింది. కుప్పం మీదుగా బెంగళూరు రైలు 1864 నాటికే నడిచింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనులలో అడుగుపెట్టింది. చిత్తూరు, ఆర్కాటు, సేలం ప్రాంతాల పేదలు ఆ గనుల్లోకి దిగారు. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసి నమోదు చేయబోగా వేలమంది పని నిలిపివేశారు. గీత దగ్గరి లెక్కలవాడు గనిలోకి కూడా వచ్చాడని వారు గుర్తించారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కోలారుకు సరిహద్దు దాటి వచ్చినవారు ఇద్దరు: కుప్పం కూలీ, లండను కంపెనీ. కన్నడం ఈ ఇద్దరినీ కలిపివేయలేదు. కూలీ చేసినది వలసె. ఇతర దేశాన్ని ఆక్రమించి ఏలటం వసాహతుశాహి. మరి మనమో? పొట్టకోసం పోయినవాడు వలస కూలీ. మన పొట్ట కొట్టినది వలస పాలన! ఉత్తరాంధ్రలో డొంకినవలస వంటి ఊరి పేర్లలో వలస అంటే వచ్చి నిలిచిన చోటు గనుక, ఆ దారినే ఈ ప్రయోగం వచ్చిందని సమర్థించవచ్చు. అయినా పారిపోయిన వాడికీ, తరిమిన వాడికీ ఒకే పేరు పెట్టటం చిన్న పొరపాటు కాదు. నవ్వవలసినది కన్నడాన్ని చూసి కాదు.

2001లో కోలారు గనులు మూతపడ్డాయి. కుప్పం నుండి బెంగళూరుకు కూలీల రైళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. అక్కడ వారిని 'వలసిగరు' అంటారు. అంటున్నవారికీ, అనిపించుకుంటున్నవారికీ ఆ మాట పాత అర్థం గుర్తులేదు. ఇప్పుడు తరిమే సైన్యానికి జెండా లేదు, గుర్రాలు లేవు. ఎండిన బోరూ, తీరని అప్పూ, ఊళ్ళో దొరకని కూలీ – ఇవే ఆ సైన్యం.

మరుసటి రోజు తరగతిలో నల్లబల్ల మీద 'వలస' అని రాసి, దేనికి భయపడి అని పక్కన ప్రశ్న వేశాను. ఎవరూ నవ్వలేదు. ముందుగా చెయ్యెత్తినవాడు ఆ తాపీమేస్త్రి కొడుకే.