తల్లిగారి చీర: సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లలలో ఓదార్పు కానుకల చరిత్ర

మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్లలోనూ, అక్కడికి ఉత్తరాన గోదావరి వైపు విస్తరించిన జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలోనూ, కష్టంలో ఉన్న మనిషి ఇంటికి ఏమి పట్టుకుపోవాలన్న ప్రశ్నకు తరతరాలుగా స్థిరపడిన జవాబు బట్ట. పొరుగునే ఉన్న కరీంనగర్ పట్టణం వెండి తీగపనికి, అంటే సన్నని వెండి తీగను మెలిపెట్టి అల్లి పెట్టెలూ అత్తరుదానులూ తయారుచేసే కళకు పేరుపొందింది. ఆ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ఆ వస్తువులు కొలువులకూ సన్మానాలకూ పనికివచ్చాయే తప్ప, ఏడుస్తున్న ఇంటి గడప తొక్కలేదు. అక్కడికి చీర పోవాలి, తువ్వాల పోవాలి, వాటితో పాటు వాటిని పట్టుకొని ఒక మనిషి పోవాలి.

ఈ ప్రాంతపు వాడుకలో చీరను ఇవ్వరు, పెడతారు. అన్నానికీ బొట్టుకూ వాడే క్రియనే బట్టకూ వాడటం గమనించదగిన విషయం; ఇచ్చిన వస్తువు చేయి మారగానే పని ముగుస్తుంది గానీ, పెట్టినది తీసుకున్న మనిషి తిన్నప్పుడో కట్టుకున్నప్పుడో మాత్రమే పూర్తవుతుంది. పెట్టుపోతలు అనే జంటపదం కూడా ఈ క్రియ నుంచే వచ్చింది. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో వెలువరించిన ప్రసిద్ధ వ్యాసంలో, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలు కానుకలో ముడిపడి ఉంటాయని వివరించాడు. పెళ్లి పందిట్లో ఎవరెంత కట్నం చదివించారో నోటుపుస్తకంలో రాసి దాచి, వాళ్లింట శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుటలు తిరగేసే తెలంగాణ కుటుంబానికి ఈ సిద్ధాంతం కొత్తగా తోచదు. తల్లిగారింటివారు ఆడబిడ్డకు (ఈ ప్రాంతంలో ఆడబిడ్డ అంటే ఆ ఇంట పుట్టిన కూతురు) పెట్టే చీర మాత్రం ఆ పుస్తకంలో ఇమడదు. అది తిరిగి రావాలని ఎవరూ ఎదురుచూడరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్ట సవరణ, దేశమంతటా 2005 నాటి సవరణ కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కల్పించిన తరవాత కూడా ఆ వాటా అడగని కూతుళ్లే ఎక్కువ కనుక, అడగని వాటాకు బదులుగా అన్నదమ్ములు ఏటేటా కట్టే చిన్న వాయిదాయే ఈ చీర అన్న విమర్శలో నిజం లేకపోలేదు.

ఈ సంప్రదాయానికి నిండైన రూపం ఒడిబియ్యం. పెళ్లైన కూతురిని పుట్టింటికి పిలిచి, పీటమీద కూర్చోబెట్టి, కొత్త చీర కట్టించి, ఆమె ఒడిలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు (ఎండుకొబ్బరి చిప్పలు), పసుపు కొమ్ములు, పోకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ పెట్టి పంపడమే ఈ ఆచారం. పెళ్లైన మూడో ఏడు, ఐదో ఏడు అన్నట్టు బేసి సంవత్సరాల్లో దీన్ని జరుపుతారు; దోసిళ్లతో బియ్యం పోసేవారు వంతులవారీగా ముందుకు వస్తుండగా, ఒడి బరువెక్కేకొద్దీ కూతురు కొంగును రెండు చేతులా గట్టిగా ఒడిసిపట్టుకోవలసి వస్తుంది. అత్తగారింటికి చేరిన తరవాత ఆ బియ్యాన్నే వండి బంధువులకు భోజనం పెడతారు కాబట్టి, పుట్టింటి ధాన్యంతో మెట్టినింటివారికి తానే పెట్టగలిగే ఒక్క పూట గౌరవం ఆమెకు దక్కుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల పొలాల్లో పండే పసుపు ఈ ఒడిలోకి చేరడం ఆ నేలకు తగిన అలంకారం. అయితే ఒడిబియ్యం ముత్తైదువలకే పరిమితమైనది. అందరికన్నా ఎక్కువ ఓదార్పు అవసరమైన స్త్రీని ఈ ఆచారం బయట నిలబెట్టింది.

ఆమె కోసం మిగిలినది చావు ఇంట పెట్టే చీర ఒక్కటే. భర్త పోయిన స్త్రీకి కర్మకాండ ముగింపు రోజుల్లో ఆమె అన్నదమ్ములు చీర తెచ్చి పెట్టడం, పోయినవారి కొడుకులకు వియ్యాలవారూ మేనమామలూ బట్టలు పెట్టి మైల విడిపించడం ఇక్కడి పల్లెల్లో దాదాపు అన్ని కులాలలోనూ కనిపిస్తుంది. ఇలాంటి చీరను ఎంచేటప్పుడు ధర కన్నా ఎక్కువగా పనిచేసేది ఎరుక: ఆమె వయసెంత, ముదురు రంగు కడితే ఊరివాళ్లు ఏమంటారు, పొలం పనికి పోయే మనిషా, ఇంటిపట్టున బీడీలు చుట్టే మనిషా, గోచిపోసి కట్టే పెద్ద చీరకు అలవాటు పడినదా, ఐదున్నర మీటర్ల చీర కట్టేదా అన్న లెక్కలన్నీ బట్టలకొట్టు గద్దెమీద కూర్చున్న వదినామరదళ్ల మధ్య మెల్లగా తేలుతాయి. ఒకప్పుడు తెలుపుకే కట్టుబడిన చోట్ల కూడా ఇప్పుడు లేతరంగు చీరలు తీసుకుపోతున్నారు. ఏ సంస్కర్త ఉపన్యాసమూ లేకుండా, చెల్లెలిని తెల్లచీరలో చూడలేని అన్నల వల్లే ఈ మార్పు చాలావరకు వచ్చిందనుకోవచ్చు. ఫలానా మాసం కీడు, అన్నదమ్ములు ఆడబిడ్డలకు చీరలు పెట్టాలి అన్న పుకారు కొన్నేళ్లకోసారి పుట్టి, వారం తిరిగేలోగా బట్టలకొట్లను కిటకిటలాడించడం కూడా ఈ చరిత్రలో భాగమే. ఆ పుకారు పుట్టించినది ఎవరో తేల్చడం కన్నా, అంత తేలికగా నమ్మడానికి చెల్లెళ్లూ అన్నలూ ఎందుకు సిద్ధంగా ఉన్నారన్నది ఆలోచించదగిన ప్రశ్న.

ఇంతగా చీర చుట్టూ తిరిగే ప్రాంతం నడుమ చీరలు నేసే ఊరుండీ, ఆ ఊరి బట్ట చాలాకాలం కానుకగా చెల్లకపోవడం విచిత్రం. సిరిసిల్ల పద్మశాలీలు చేనేత మగ్గం మీద కూడు దొరకని రోజుల్లో భీవండి, షోలాపూర్, బొంబాయి మిల్లుల దారిపట్టారు. తిరిగివచ్చినవారు మరమగ్గాల పనితనాన్ని వెంట తెచ్చుకున్నారు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. నూలు కొని పని పంచే యజమాని, అతని దగ్గర భీములు (పడుగు నూలు చుట్టిన రోలర్లు) తెచ్చుకొని సొంత సాంచెల మీద నేయించే ఆసామి, రోజుకు పన్నెండు గంటలు ఆ చప్పుడు మధ్య నిలబడే కార్మికుడు అనే మూడు అంతస్తుల మీద ఈ పరిశ్రమ నిలబడింది. సాంచెల సంఖ్య వేలలోకి పెరిగినా, వాటి మీద దిగినది ఎక్కువగా లంగాలకు వాడే ముతక నూలుగుడ్డ, రంగు వేయని పాలిస్టర్ కోరాగుడ్డ; అది బయటి ఊళ్లకు పోయి రంగూ పేరూ మార్చుకొనేది. చీరకు లోపల ఉండే లంగాగుడ్డ సిరిసిల్లది, పైన మెరిసే చీర సూరత్‌ది అన్నట్టుగా ఉండేది పరిస్థితి. 1990ల చివరి నుంచి అప్పులతో, పని లేమితో జరిగిన నేత కార్మికుల ఆత్మహత్యలు ఈ ఊరి పేరును దేశమంతటికీ వినిపించాయి.

జగిత్యాల, కోరుట్లల కథ వేరు. పాత కరీంనగర్ జిల్లా బతుకుదెరువును బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు బాయిలుగా చెప్పుకోవడం వాడుక. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్న తరవాత ఈ ప్రాంతపు మగవాళ్లు వరసగా అటు కదిలారు. సౌదీకి పోయినా, కువైట్‌కు పోయినా ఊరి దృష్టిలో దుబాయే. ఇంట్లో మిగిలిన ఆడవాళ్లు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టారు. రెండేళ్లకోసారి దొరికే సెలవులో వచ్చే మనిషితో పాటు, తాడుతో అష్టదిక్కులా బిగించి, పేరూ ఊరూ పెద్ద అక్షరాలతో రాసిన అట్టపెట్టె దిగేది. అందులో సెంటు సీసాలు, ఒళ్లునొప్పుల బాములు, సబ్బులు, ఖర్జూరాలు, టేపురికార్డరు, బరువైన రగ్గు, జారిపోయే ఫారిన్ చీరలు ఉండేవి. ఉత్తరం రాయలేని భార్య, చదవలేని భర్త క్యాసెట్‌లో మాట నింపి, సెలవు మీద వచ్చిపోయే ఊరివాళ్ల చేత పంపుకున్న కాలంలో ఆ టేపురికార్డరు పాటలపెట్టె మాత్రమే కాదు.

దూరం పెరిగినకొద్దీ ఎంపిక కష్టమైంది. రెండేళ్ల కిందట చూసిన పిల్లవాడికి కొన్న అంగీ ఇప్పుడు భుజాల దగ్గర బిగుతైపోయేది. తల్లికి తెచ్చిన నైలాన్ చీర నడుము మీద నిలవక సందుకలోనే మిగిలిపోయేది. తెచ్చినవాడు తన మనసులో దాచుకున్న ఇంటి బొమ్మకు కానుక కొన్నాడు, ఇల్లు ఈలోగా మారిపోయింది. కానుకల పెట్టెలు దిగిన విమానాశ్రయం నుంచే అదే పల్లెలకు శవాలు కూడా పెట్టెల్లోనే వచ్చాయి. అందువల్ల ఈ పల్లెల్లో పెట్టె వస్తున్నదన్న మాట వింటే, ఏ పెట్టె అని ఒక క్షణం ఆగవలసి వచ్చేది.

2017లో తెలంగాణ ప్రభుత్వమే అన్న స్థానంలో నిలబడి, తెల్లరేషన్ కార్డున్న పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి స్త్రీకీ బతుకమ్మ పండుగకు చీర పెట్టాలని సంకల్పించింది. కోటికి పైగా చీరలు కావలసి రాగా, వ్యవధి చాలక కొంతే సిరిసిల్లలో నేయించి, మిగిలినవి సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగాలేదంటూ పలుచోట్ల మహిళలు చీరలను రోడ్డు మీద వేసి తగలబెట్టడం ఆ ఏడు పెద్ద వార్త అయింది. రాజకీయం ఎంత కలిసినా, ఆ కోపంలో కానుకకు సంబంధించిన పాత నియమం ఒకటి ఉంది: ఊరికే వచ్చిన వస్తువును ఎవరూ తగలబెట్టరు, పక్కన పడేస్తారు, తల్లిగారి పేరు చెప్పి పెట్టిన చీర చవకబారుగా ఉంటేనే అవమానం. మరుసటి ఏడు ఆర్డరు సిరిసిల్ల సాంచెలకు దక్కింది గానీ, 2018లో ముందస్తు ఎన్నికల నియమావళి అడ్డుపడి, చీరలు బతుకమ్మ దాటిపోయిన తరవాత చేరాయి. తరవాతి సంవత్సరాల్లో జరీ అంచులు, రెండువందలు మించిన రంగుల, నమూనాల కలయికలు, ఉత్తర తెలంగాణలో గోచిపోసి కట్టే వృద్ధుల కోసం విడిగా నేసిన తొమ్మిది మీటర్ల చీరలు వచ్చాయి. కోటి మందికి ఒకే చేత్తో పెట్టబోయిన ప్రభుత్వం, వదినామరదళ్లు కొట్టు గద్దెమీద వేసే ప్రశ్నలనే ఆలస్యంగా వేసుకుందన్న మాట. చీర అందుకున్నవారి సంతోషం ఇంటికో రకంగా ఉండగా, నేసినవారికి మాత్రం అది ఏడాదిలో కొన్ని నెలల స్థిరమైన పని. ఆ ఆర్డర్లు ఆగి, బకాయిలు నిలిచిపోయిన 2024లో సాంచెలు మూగబోవడంతో, ఈ కానుక ఎవరి దుఃఖాన్ని ఎక్కువగా తీర్చిందో స్పష్టమైంది. 2025 నవంబరు 19 నుంచి మహిళలకు ఇందిరమ్మ పేరుతో చీరల పంపిణీ మొదలైంది; వాటి ఆర్డరు సిరిసిల్లకు మళ్లీ పని తెచ్చింది.

సిరిసిల్ల నుంచి ఎదురు దిశలో పోయిన కానుక కూడా ఒకటుంది. నేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని తన చేతులతో నేసి ప్రధానమంత్రికి పంపగా, 2022 నవంబరు 27న ప్రసారమైన ఆయన రేడియో ప్రసంగం మన్ కీ బాత్ ఆ ప్రస్తావనతోనే మొదలైంది. ఎవరి ఆర్డరూ లేకుండా, ఏం నేయాలో తానే ఎంచుకొని, మగ్గం మీద దింపిన గుడ్డ అది.