క్యూ తోటలో చిరివేరు

లండన్‌లో క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో రైలు దిగి, ఇటుక ఇళ్ల వీధులు దాటి వచ్చారు. సందర్శకులంతా టిక్కెట్లు పట్టుకుని తోటలోకి వెళ్తున్నారు. మీరు మాత్రం పక్కనున్న హెర్బేరియం భవనం వైపు తిరగండి. ఈ తోట దాచుకున్న ఎండుమొక్కలు, ఉత్తరాలు, బొమ్మలు అక్కడున్నాయి. పెన్ను సంచిలోనే వదిలేసి, పెన్సిల్ ఒక్కటే పట్టుకుని చదువుకునే గదిలోకి రండి.

బల్ల మీద మెత్తటి ఆనికల మధ్య ఒక పెద్ద పుస్తకం తెరిచి ఉంది. 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్', మొదటి సంపుటం, 1795. రాసినది విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉన్నాడాయన. అక్కడే తోట వేశాడు, మిరియాలూ కాఫీ పెంచి చూశాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెన ఆయన అప్పటిదాకా పోగేసిన కాగితాలను, మొక్కలను మింగేసింది. అయినా మళ్లీ మొదలుపెట్టాడు. మీ ముందున్నది ఆ రెండో ప్రయత్నం.

పుట తిప్పండి. నాలుగో బొమ్మ ముషిణి. ఐదోది చిల్లచెట్టు. దాని గింజను కుండ లోపలి గోడకి రుద్ది, బురదనీళ్లు పోసి ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుందని పక్కనే రాశాడు. మన ఊళ్లలో నీళ్లు తేర్చుకున్న పద్ధతే, ఇక్కడ అచ్చులో ఉంది. ఆరోది టేకు.

ఇప్పుడు వెనక్కి, మూడో బొమ్మకి రండి. తొందరపడకండి. చూడ్డానికి గడ్డిమొక్కంత. చిన్న తెల్లపువ్వులు, సన్నని ఆకులు. దీని విలువంతా వేరులో ఉంది. ఇది చిరివేరు. సముద్రం దగ్గరి ఇసుకనేలల్లో పెరుగుతుంది. సాగుచేసిన దానికన్నా తనంత తాను మొలిచిన మొక్క వేరే మేలైన రంగునిస్తుందని రాక్స్‌బర్గ్ నమోదు చేశాడు. ఆ తేడా తవ్వినవాళ్లో అద్దకంవాళ్లో చెప్పకపోతే వైద్యుడికెలా తెలుస్తుంది? కరక్కాయ నీళ్లలో ఊరిన గుడ్డ మీద పటిక రాసి, ఈ వేరుతో ఉడకబెడితే పటిక తగిలినచోట ఎరుపు పట్టుకుంటుంది. బందరు అద్దకాన్ని దేశదేశాలకు తీసుకెళ్లిన ఎరుపు అదే.

పుస్తకం పక్కన పెట్టి, అచ్చు కాని రంగుబొమ్మలు అడగండి. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మలు 2,500కి పైనే. ఆయన 1793లో కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోట బాధ్యత తీసుకున్నాక కూడా ఆ పని సాగింది. ఒక ప్రతి కలకత్తాలో ఉండిపోయింది, ఇప్పుడు హౌరా శిబ్‌పూర్‌లోని జాతీయ హెర్బేరియంలో ఉంది. కంపెనీ డైరెక్టర్లకు పంపిన రెండో ప్రతి తర్వాతి కాలంలో క్యూకి చేరింది. అచ్చయినవి 300 మాత్రమే.

ఒక కాగితం మీదకి వంగండి. ఈనె ఈనెకీ కుంచె ఎంత ఓపిగ్గా నడిచిందో! ఈ గీతలు గీసినవాళ్లు మన దేశపు చిత్రకారులు. కాగితం మూలమూలలా వెతకండి. సంతకం లేదు. మొక్కకి అంకె ఉంది, లాటిన్ పేరుంది. వేసినవాడి పేరు లేదు. ఈ లోటు నన్ను బాధిస్తుంది. తెలుగూ కంపెనీ దస్తావేజులూ రెండూ చదవగల పరిశోధకులెవరైనా సామర్లకోట జీతాల లెక్కలు వెతికే పని పెట్టుకోవాలి.

అంతవరకు ఆగనక్కర్లేని పని ఇంకొకటి ఉంది. ఈ పుస్తకం పూర్తిగా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మూడో బొమ్మనూ దాని వివరణనూ తెలుగులోకి తెచ్చి, పెడనలో కలంకారీ అచ్చులు వేస్తున్నవాళ్ల చేతికివ్వాలి. వాళ్లలో చాలామంది ఇప్పుడు కొనేది డబ్బాలో వచ్చే అలిజరిన్ అనే రంగు. చిరివేరు ఎరుపుకి మూలమైన పదార్థమూ అదే.